పేరు రాయని చెక్క

మా ఆసుపత్రి కార్డుల అక్కయ్య పోయిన మంగళవారం కన్నుమూసింది. కబురు తెచ్చింది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్దాయన. వాకిట్లో నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "అక్కయ్య తెల్లారి లెగవలేదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పి అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

శుక్రవారం ఆసుపత్రి హాల్లో సంతాప సభ పెట్టారు. మేనేజరుగారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, "ఆ ఒక్క పొరపాటు పక్కన పెడితే ఆమె చాలా మంచి ఉద్యోగి" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన పెడితేనట! ఎవరి పొరపాటు, ఎవరు పక్కన పెట్టేది? సభ అయిన తరవాత నేను ఊరుకోలేదు. అది చివర్లో చెబుతాను. ముందు ఆ మనిషి ఎలాంటిదో మీకు తెలియాలి.

అక్కయ్య మా ఆసుపత్రికి వచ్చేనాటికి రోగుల సంగతులన్నీ పెద్ద పుస్తకాల్లో రాసేవారు. వచ్చినవాళ్ళ పేర్లు వచ్చిన వరసన ఎక్కించడమే. నిరుడు జ్వరంతో వచ్చిన మనిషి ఈ ఏడు మళ్ళీ వస్తే, అప్పుడేం మందు ఇచ్చారో వెతకడానికి ఒక పూట పట్టేది. ఆలోపు ఆ మనిషి ఇంటికైనా పోయేవాడు, ఇంకెక్కడికైనా పోయేవాడు. అక్కయ్య ఆ పుస్తకాలు రెండు రోజులు తిరగేసి, "ఈ పుస్తకం తారీఖుని గుర్తు పెట్టుకుంటది గానీ మనిషిని పెట్టుకోదు. మనక్కావాల్సింది మనిషి" అంది.

మనిషికొక కార్డు ఉండాలని పట్టుబట్టి, నరసరావుపేట ప్రెస్సులో అట్టముక్కలు కోయించి, మాచర్ల రైల్లో వేయించుకుని తెచ్చింది. పిడుగురాళ్ళ నుంచి సాయిబు మేస్త్రిని పిలిపించి నలభై సొరుగుల బీరువా చేయించింది. చేయించడమంటే మామూలుగా కాదు. వానాకాలంలో కొయ్య ఉబ్బితే సొరుగు పట్టేస్తుందని తడిగుడ్డ చుట్టి చూసింది. విసురుగా లాగితే సొరుగు ఊడిపడి కార్డులన్నీ కలిసిపోతాయని వెనక ఆపుడుకొయ్య పెట్టించింది. మూడోసారి విప్పమన్నప్పుడు మేస్త్రి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "నవాబుగారి నగల పెట్టె కూడా ఇన్నిసార్లు విప్పి ఉండరమ్మా!" అన్నాడు. "నగలు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు సాయిబూ, విప్పు" అంది అక్కయ్య.

ఆ బీరువా వాడకానికి మూడు పద్ధతులు పెట్టింది. పొద్దున ఆసుపత్రి తెరవకముందు తలుపేసుకుని ఒక్కతే కూర్చుని కొత్త సంగతులు కార్డుల్లోకి ఎక్కించేది. ఆ గంటలో డాక్టరమ్మ వచ్చినా తలుపు తీసేది కాదు. ఎనిమిదింటికి కిటికీ తెరిచేది. అప్పుడు వార్డుల నుంచి ఎవరొచ్చి అడిగినా కార్డు ఇచ్చేది. ఇక ప్రాజెక్టు కూలీల గుడిసెల దగ్గరికో, దాచేపల్లి రాళ్ళ గనుల దగ్గరికో వైద్యానికి జీపు వెళ్ళేనాడు, కార్డుల నకళ్ళు రేకుపెట్టెలో పెట్టి పంపేది. ఆ నకళ్ళు చూడ్డానికే. వాటి మీద ఒక్క అక్షరం రాయకూడదు. అక్కడ తెలిసింది విడి కాగితం మీద రాసుకొస్తే, మర్నాడు తలుపేసుకున్న వేళ తనే అసలు కార్డులోకి ఎక్కించేది. ఒకే సంగతి రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఏది నమ్మాలో దేవుడికి కూడా తెలియదనేది.

కార్డుల వరసకి ఊరు, ఇంటిపేరు, ఆడవాళ్ళయితే భర్త పేరు కావాలి. మా పల్నాటి ఆడవాళ్ళ నోట భర్త పేరు చచ్చినా రాదు కదా! నేను అక్కయ్య కింద కార్డుల గదిలో చేరిన కొత్తలో కిటికీ దగ్గర ఒకావిడ సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే, వెనక వరసంతా విసుక్కుంటుంటే, నేనూ గట్టిగా అరిచాను. అక్కయ్య వచ్చి నన్ను పక్కకి జరిపి, ఆవిడ చంకలో పిల్లని అడిగింది. "ఏమే బంగారూ, మీ నాయన పేరేంది?" పిల్ల ఠక్కున చెప్పేసింది. తల్లి పకపకా నవ్వింది. "అరవడం దేనికి? అడగాల్సినవాళ్ళని అడిగితే సరి" అని నాతో అంది.

అన్నిటికంటే గట్టి కట్టడి చెక్క. కార్డు తీసినవాళ్ళు దాని చోట జానెడు చెక్కముక్క నిలబెట్టి, దాని మీద పెన్సిలుతో తమ పేరు తమ చేత్తోనే రాయాలి. ఒకరి పేరు ఇంకొకరు రాయడానికి వీల్లేదు. కార్డు తిరిగొచ్చాక తడిగుడ్డతో చెరిపేయడమే. పెన్సిలుకి దారం కట్టి బీరువాకి వేలాడదీసింది. చెక్క ఉంటే కార్డు ఎవరి దగ్గరుందో తెలుస్తుంది. చెక్కా లేక, కార్డూ లేకపోతే ఆ మనిషి మా ఆసుపత్రి గడప ఎప్పుడూ తొక్కలేదని లెక్క. ఏళ్ళ తరబడి ఆ లెక్క ఒక్కసారి తప్పలేదు. మేమంతా మా కళ్ళకంటే సొరుగునే ఎక్కువ నమ్మడం నేర్చుకున్నాం. అదే మా కొంప ముంచింది.

ఒకనాడు సున్నపుబట్టీల ఊరి నుంచి మరియమ్మ అనే ఆవిడని బండిలో వేసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, మాట లేదు. వెంట వచ్చినవాళ్ళు ఇరుగుపొరుగు, వాళ్ళకి ఊరూ, ఇంటిపేరూ, భర్త పేరూ తప్ప పాత జబ్బుల సంగతేమీ తెలియదు. అక్కయ్య సొరుగు లాగింది. కార్డు లేదు, చెక్కా లేదు. ఒక్క క్షణం ఆగి, "ఈ మొహం చూసినట్టుందే అమ్మాయ్" అంది నాతో. మళ్ళీ సొరుగు వైపు చూసింది. సొరుగునే నమ్మింది. కొత్త కార్డు రాసి పంపింది. డాక్టరమ్మ దాన్ని చూసి పెన్సిలిన్ సూది వేసింది. పావుగంటలో మరియమ్మ ప్రాణం పోయింది.

ఇరవై రోజుల తరవాత మరియమ్మ పాత కార్డు సొరుగులో ప్రత్యక్షమైంది. దాని మీద అక్కయ్య ముత్యాల అక్షరాల్లో, ఎర్రసిరాతో, "పెన్సిలిన్ పడదు" అని ఉంది. నాలుగు మూలలా నాలుగు గుండుసూది రంధ్రాలు ఉన్నాయి.

ఆ రంధ్రాలు ఎలా వచ్చాయో నాకు తెలుసు. మరియమ్మని తీసుకురావడానికి ముందటి ఆదివారం, అక్కయ్య గుడికి వెళ్ళిన వేళ, మేనేజరుగారు బీరువా తెరిపించి, రాత చక్కగా ఉన్న కార్డులు కొన్ని ఏరుకుపోయారు. చందాలిచ్చే పెద్దమనుషులు వస్తున్నారని, మా ఆసుపత్రి పద్ధతి ఎంత గొప్పదో చూపించాలని, హాల్లో బోర్డుకి గుచ్చించారు. చెక్కలు పెట్టమని బీరువా తెరిచిన ఆయా చెబితే, "నాకు కూడా చెక్కేంది?" అన్నారట. ఆ బోర్డు మీద, పెన్సిలిన్ పడదని ఎర్రసిరాతో రాసిన ఆ కార్డుని నేను నా కళ్ళతో చూశాను, పేరు మాత్రం చూసుకోలేదు. మా అక్కయ్య రాత అని మురిసిపోయాను కూడా. ఎంత సిగ్గు! ఆవిడ పద్ధతిని ఊరేగించడానికి ఆవిడ పద్ధతినే తుంగలో తొక్కారు.

కార్డు అక్కయ్యే ఎక్కడో పడేసిందని విచారణ పెట్టారు. అక్కయ్య ఆ రంధ్రాలు చూపించింది. విచారణకి కూర్చున్నవాళ్ళలో ఒకాయన నవ్వి, "రంధ్రాలకి నోరుందా అమ్మా?" అన్నాడు. ఆయాని అంతకుముందే పనిలోంచి తీసేశారు. నన్ను పిలిచి, ఆ కార్డు ఎక్కడైనా చూశావా అని అడిగారు. మేనేజరుగారు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఇంట్లో నా భర్త మంచాన పడి ఉన్నాడు. "నేను చూడలేదండీ" అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇవాళ్టికీ అన్నం తింటున్నాను.

అక్కయ్యని దుప్పట్ల గదికి వేశారు. వెళ్ళేముందు నేను కాళ్ళ మీద పడబోతే లేవనెత్తి, "నీ ఇంటి సంగతి నాకు తెలవదా? నిన్నేం అనను. నేను మాత్రం నా కళ్ళని నమ్మాల్సింది అమ్మాయ్" అంది. ఆ తరవాత కూడా ఆవిడ ఎవరి మీదా విరుచుకుపడలేదు, మరియమ్మని తల్చుకుని తనని తానే తిట్టుకుంది. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది అక్కడే. చేసినవాళ్ళు హాయిగా తిని తిరిగారు, చెయ్యని మనిషి లోలోపల నలిగిపోయింది.

మరియమ్మ కార్డు విచారణ కాగితాల్లోకి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. అక్కయ్య కార్డుల గది నాకు అప్పగించే రోజున దాని చోట ఒక చెక్క నిలబెట్టింది. పేరు రాయలేదు. "ఖాళీగా ఉందేంది అక్కయ్యా?" అన్నాను. "తీసినాయన వచ్చి రాస్తాడు, ఉండనీ" అంది. అప్పటి నుంచీ ఇన్నేళ్ళూ, దుప్పట్ల గది నుంచి ఎప్పుడైనా ఇటు వస్తే, మాటల మధ్యలో ఆ సొరుగు లాగి ఒకసారి చూసి మూసేది. ఏమీ అడిగేది కాదు.

మొన్న శుక్రవారం సభ అయ్యాక నేను ఆ చెక్కా, ఒక పెన్సిలూ తీసుకెళ్ళి మేనేజరుగారి ముందు పెట్టాను. పూలదండ వాసన ఇంకా ఆయన చేతుల్లో ఉంది. అందరూ చూస్తున్నారు.

"ఏందిది?" అన్నారు.

"మరియమ్మ కార్డు చెక్కండీ. ఆ ఆదివారం మీరు తీయించారు. బోర్డు మీద నేను చూశాను. మీ పేరు రాయండి."

డాక్టరమ్మ తల దించుకుంది. మేనేజరుగారు చెక్క వంక చూశారు, నా వంక చూశారు, చేతికర్ర అందుకుని, "పెద్దదానివయ్యావు, మతి చలించినట్టుంది" అంటూ వెళ్ళిపోయారు. వెనకనుంచి దుప్పట్లు ఉతికే పెద్దాయన, "పెన్సిలు ఇక్కడే ఉంటది బాబూ" అన్నాడు గట్టిగా.

ఒకరి పేరు ఇంకొకరు రాయకూడదు. అందుకే ఆయన పేరు నేను రాయలేదు. పై సగం ఖాళీగా వదిలి, చెక్క అడుగున నా పేరు నా చేత్తో రాశాను. పక్కన "చూశాను" అని రాశాను. మరియమ్మ చోట దాన్ని నిలబెట్టి సొరుగు మూశాను. దారానికి వేలాడే పెన్సిలు కాసేపు అటూ ఇటూ ఊగింది.