ఊదారంగుకు పార్టీ లేదు

గురజాలలో కోర్టు ఎదురు సందులో రబ్బరు స్టాంపులు చేసే ధనలక్ష్మి చేతిమీదుగా ఇరవై రెండేళ్లలో ఎందరో సర్పంచులు, కార్యదర్శులు, నోటరీలు వెలిశారు. వారిలో కొందరికి పదవులు పోయాయి. స్టాంపులు మాత్రం నేటికీ గట్టిగానే పడుతున్నాయి. ఇంతటి అధికారాన్ని తయారుచేసే మనిషికి, దుర్గి పక్క ఊళ్లో ఉన్న సొంత చెల్లెలు రోహిణితో మాట్లాడే అధికారం లేదు.

కారణం పంచాయతీ ఎన్నికలు. తోడల్లుళ్లిద్దరూ చెరో జెండా మోశారు. జెండాలు దిగి నాలుగేళ్లయినా మాటలు కలవలేదు. రోహిణి ఫోను ఎత్తదు.

చిన్నప్పుడు అక్కచెల్లెళ్లు జనవరి ఒకటికి బెండకాయలు కోసి, రంగులో ముంచి గ్రీటింగు కార్డులు అచ్చేసుకునేవారు. ఆ బెంగతోనే ధనలక్ష్మి మిగిలిన రబ్బరు ముక్క మీద చామంతి చెక్కింది. సిరా అద్ది, ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ల సీసాతో రెండు తుంపర్లు కొట్టి, మందపాటి డ్రాయింగు షీటు మీద ఒత్తితే రేకుల అంచులు కరిగి, కుంచెతో వేసినట్టే పాకాయి. నీళ్లు ఎక్కువైతే మడ్డి, తక్కువైతే పంచాయతీ ముద్ర. నలభై షీట్లు పోయాక చెయ్యి కుదిరింది. కార్డు మీదా, కవరు మీదా పసుపు చామంతులు పూయించి చెల్లెలికి రిజిస్టరు పోస్టులో పంపింది.

వారానికి కవరు వెనక్కొచ్చింది, ‘తీసుకొనుటకు నిరాకరించారు’ అన్న ముద్రతో. ఆ ముద్ర ఎడమ అంచు అరిగిపోయిందని ధనలక్ష్మి వృత్తిధర్మంగా గమనించింది. ఏడవడం తరువాతి పని. పసుపు, తన మొగుడు మోసిన జెండా రంగు మరి.

మరుసటి ఏడు నీలం శంఖుపూలు అచ్చేసింది. అవి గడప దాటలేదు.

“ఏందే ఇది? మనింట్లోంచి ఆ రంగు కవరు పోతే నేను బజార్లో తలెత్తుకోవాలా?” అన్నాడు భర్త పుల్లారావు.

“పువ్వయ్యా అది!”

“పువ్వుకేం తెలుసు? ఓటరుకి తెలుసు.”

ఎరుపు, కాషాయం, ఆకుపచ్చ, దేనికి దానికి ఆసాములున్నారు. గులాబీ కృష్ణా నది అవతలి పార్టీదే గానీ, అనుమానానికి ఏరు అడ్డమా? చివరికి కొట్లో ఏ పక్షానికీ చెందని రంగు ఒక్కటే మిగిలింది: స్టాంపు ప్యాడు ఊదా. మూడో ఏడు దానితోనే తుంపర కొట్టి పంపింది.

కవరు తిరిగి రాలేదు. జవాబూ రాలేదు. పోస్టుమాన్ సైకిలు వినబడితే ఆమె చేతిలోని కత్తి ఆగేది.

ఏప్రిల్లో ఎవరిదో నంబరు నుంచి ఫోను.

“అక్కా, నేనే. నీ పువ్వు దొరికిందే.”

“ఏడ దొరికిందే?”

“పొలం కాగితాల ఫైల్లో! మీసేవకి పాసుపుస్తకం కావాల్సి బీరువా తీశా. ఊదా ముద్ర చూసి గవర్నమెంటోళ్ల నోటీసనుకున్నాడే మీ మరిది. ఎవరు పంపారో కూడా చూడకుండా సంతకం పెట్టి తీసుకొని, ఇప్పేదానికి బయపడి దాచాడు.”

ధనలక్ష్మి నవ్వింది. “మరి చించేశాడా?”

“అది నీదని నేను చెబితే గదా! మళ్లీ ఆడనే పెట్టా. ఆ ఫైల్లో కాగితం పారేసే దైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.”

“ఒక్కసారి రావే.”

“మళ్లీ ఎలచ్చన్లంట గదక్కా… ఉండు, ఆయనొస్తన్నాడు.”

ఫోను ఆగింది. ధనలక్ష్మి కొట్టు మెట్టు మీద కూర్చుంది. తాను తొక్కలేని గడప లోపల, పాసుపుస్తకానికీ అడంగలు కాగితాలకూ మధ్య తన పువ్వు కాపురముంది. ఆ సిరా ఎండకు వెలిసిపోయే రకం. బీరువాలో ఎండ పడదు కదా అని చాలాసేపు ఆలోచించింది.