బియ్యం డ్రమ్ములో వెండి

నేను వెండి కొనడం మొదలుపెట్టింది నా తెలివితేటల మీద నాకున్న నమ్మకంతో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. తోటి మాస్టార్లంతా బంగారం గురించి మాట్లాడుకుంటుంటే, ఎవరూ పట్టించుకోని వెండి మీద నా కన్ను పడింది. అప్పట్లో అది బాగా చవక. జీతంలో మిగిలింది కూడబెట్టి, అరకిలో కడ్డీకి సరిపోగానే మెయిన్ రోడ్డు మీది సేటు కొట్టుకు వెళ్లేవాణ్ణి. పట్టీలు కావాలా, కంచం కావాలా అని అడిగేవాడు. కడ్డీ అనగానే నన్ను కాస్త గౌరవంగా చూసేవాడు. ఆ చూపు కోసమే సగం కడ్డీలు కొన్నానేమో.

నా పథకం చాలా సులువు. ఏళ్ల తరబడి వాటిని ముట్టుకోకూడదు. ధర బాగా పెరిగాక అన్నీ అమ్మేసి నగర శివారు తుర్కయంజాల్‌లో ఒక ప్లాటు కొనాలి. పెళ్లయిన కొత్తలోనే గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇల్లు మీద ఇల్లు మారుతూ కిరాయికే ఉంటున్నాం. ప్లాటు మాట ఎత్తితే మా ఆవిడ "చూద్దాం లెండి" అని లోపలికి వెళ్లిపోయేది.

కడ్డీ ఇంటికి రాగానే ఆవిడ దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక రోజంతా దేవుడి దగ్గర ఉంచేది. ఆ తర్వాతే అది బియ్యం డ్రమ్ములోకి వెళ్లేది. "ఇది పెట్టుబడి, అమ్మవారు కాదు" అని నేను గొంతు చించుకున్నా వినేది కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. వరలక్ష్మీ వ్రతం నాడు, చివరికి ఏడైన ఆ కడ్డీలన్నీ పైకి తీసి పీట మీద వరసగా పేర్చి, పేరంటానికి ఆడవాళ్లను పిలిచేది. దాచుకున్న ఆస్తిని తాంబూలంతో సహా ఊరికి చూపించే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మది నల్లగొండ దగ్గర పల్లె. వాళ్లాయనకు లారీ ఉండేది. పేరంటానికి వచ్చినప్పుడు ఆవిడ ఒక కడ్డీని చేత్తో ఎత్తి చూసి నవ్వింది.

"ఏంది చెల్లె, గింత ఎండి ఉండంగ కాళ్లకు గీ సన్న పట్టీలా? ఎండి ఒంటి మీద ఉండాలె గని బియ్యంల ఉంటే ఏం లాభం?"

రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూనే వాళ్లిద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. నీళ్ల మోటారు దగ్గర మొదలైన గొడవ సాయంత్రానికి టీ దగ్గర తేలేది.

అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఇవాళ బంద్ అంటే రేపు ర్యాలీ. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు ఆగిపోయేవి. మా సెంటర్ తెరిచిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువ. మా బావమరుదులు ఫోన్ చేసి, సామాను సర్దుకుని వచ్చెయ్యమనేవారు. మా ఆవిడ ఊఁ కొట్టి పెట్టేసేది.

సరిగ్గా అప్పుడే వెండి ధర ఆకాశాన్నంటింది. తుర్కయంజాల్‌లో కొనేవాళ్లు లేక ప్లాట్లు చవకయ్యాయి. ఇంత చక్కగా కలిసొస్తుందని నేనే అనుకోలేదు. బియ్యం డ్రమ్ము దగ్గరికి వెళ్తే మా ఆవిడ మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"పూజ చేసిన వెండి. అమ్మనివ్వను."

బతిమాలాను, అరిచాను, మూడు రోజులు మాట మానేశాను. ఆవిడ కదల్లేదు. కొన్ని నెలలకు ధర కిందికి జారడం మొదలైంది. రోజూ పొద్దున పేపర్లో ఆ అంకె చూసి, వంటింట్లోకి వినబడేలా నిట్టూర్చేవాణ్ణి.

ఉద్యమం సమ్మెగా మారిన రోజుల్లో ఓనరమ్మ పైకి వచ్చింది. "చెల్లె, రేపు చౌరస్తా కాడ వంటావార్పు ఉన్నది. రోడ్డు మీదనే వండాలె, ఆడనే తినాలె. పులిహోర నీ లెక్క నాకు రాదు. జర రా."

నాకు ఒళ్లు మండింది. "మమ్మల్ని పొమ్మనడానికి వంట కూడా మేమే చెయ్యాలా?" అనేశాను.

"మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు సారు? మా రాష్ట్రం మాకు గావాలె అంటున్నం. చెల్లె పోతే నేను ఎవరితోని కొట్లాడాలె?"

మర్నాడు మా ఆవిడ కొంగు దోపుకుని బయల్దేరింది. నేను ఉండబట్టలేక వెనకాలే వెళ్లి రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. మూడు రాళ్ల మీద పెద్ద వంటగిన్నె. "ఇంగువ లేకుండా పులిహోరేంటండీ, ఎవరైనా తెచ్చి పెట్టండి!" అని గుంటూరు యాసలో అందరి మీదా కేకలేస్తోంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో ఒకావిడ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. మా ఆవిడ నోరు తెరిచేలోపే ఓనరమ్మ అందుకుంది.

"మా చెల్లె. మా ఇంట్లనే ఉంటది."

అంతే. అడిగినావిడ ఇంగువ కోసం వెళ్లింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా, మా ఆవిడ డ్రమ్ములోంచి ఏడు కడ్డీలూ తీసి గుడ్డసంచిలో వేసి నా ముందు పెట్టింది.

"అమ్మేసి ప్లాటు చూడండి."

"ఇప్పుడా? ధర పడిపోయాకా? మరి నీ లక్ష్మి ఏమైంది?" అని విరుచుకుపడ్డాను.

"లక్ష్మి పేరు చెప్పి దాచానండీ. ఏ రోజైనా పొమ్మంటే, నెత్తిన పెట్టుకుని పోవడానికి మనకు ఇవే ఉన్నాయనుకున్నా. ప్లాటును ఎలా మోసుకుపోతాం?"

రోజూ ధర చూశాను గానీ, పక్కనే ఉన్న మనిషి ఇన్నేళ్లుగా భయపడుతోందని చూడలేకపోయాను. చాలా సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలని, ధర పెరిగేదాకా ఆగుదామా అని అడిగాను.

"ఎందుకు? ఎక్కడికీ పోవట్లేదుగా" అంది.

మర్నాడు సమ్మె వల్ల సేటు కొట్టు షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్లి, ఇవాళ ధర ఎంత అని అడగకుండానే సంచి ఆయన చేతికిచ్చాను.