అవ్వ మునుం

తెల్లారకముందే ఎక్కిన మా రొయ్యల కంపెనీ బస్సు మనుబోలు దాటి సముద్రం వైపు మళ్ళగానే, కార్తీకం వెళ్ళీ వెళ్ళని ఈ రోజుల్లో, దమ్ము చేసిన మడి వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. మురిగిన ఆకు, పశువుల ఎరువు, కొత్త నీళ్ళు అన్నీ కలిసిన ఆ వాసనకు నా పక్క సీట్లో ఆడపిల్లలు చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకుంటారు. రోజంతా రొయ్యల కంపులో బతికేవాళ్ళకు ఇంత నాజూకేమిటో నాకు అర్థం కాదు. నేను మాత్రం అద్దం ఇంకాస్త వెనక్కి నెట్టి కడుపునిండా పీల్చుకుంటాను, చున్నీల వాళ్ళు నన్ను గుడ్లురిమి చూస్తున్నా సరే.

సముద్రం మా ఊరికి ఎంత దగ్గరంటే, గాలి తిరిగితే దండెం మీది బట్టలు కూడా ఉప్పగా అయ్యేవి. మాకు వానలు దసరా వెళ్ళాక మొదలై, తుఫాను పేరు చెప్పి బడికి సెలవులిప్పించి, నాగులచవితి చలిమిడి గిన్నె అడుగంటేదాకా కురుస్తూనే ఉండేవి. మేము వసారాలో చిమ్మిలి ఉండలు చప్పరిస్తూ, అచ్చనగాయలు ఎగరేసుకుంటూ, గెలుపోటముల మీద జుట్లు పట్టుకుంటూ ఉండగానే వాన తెరిపిచ్చేది, నారు మళ్ళు పచ్చగా లేచేవి, అమ్మవాళ్ళు నాట్లకు ముఠా కట్టేవాళ్ళు.

ముఠా అంటే పన్నెండు మంది ఆడవాళ్ళు. ఎకరాకు ఇంత అని రైతుతో గుత్త మాట్లాడుకుని, పని ముగిశాక వచ్చినదాన్ని పన్నెండు సమాన భాగాలు చేసుకునేవాళ్ళు. మడిలో అందరూ ఒకే వరసలో వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుకుంటూ పోతారు. ఆ వరసలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీని మునుం అంటారు. మా అమ్మ మునుంలో అడ్డంగా ఎనిమిది కుదుళ్ళుండేవి. అమ్మ పక్కన ఎప్పుడూ నిలబడేది పెంచలమ్మ అవ్వ. ముక్కుకు రెండువైపులా పుడకలు, చెంగు మూటలో వక్కాకు, అప్పటికే విల్లులా వంగిపోయిన నడుం. నాటడానికి తాను కొత్తగా వంగే పనే లేదని ఆమే చెప్పి ఆమే నవ్వేది. మధ్యాహ్నం గట్టు మీద సద్దిమూటలు విప్పితే, ఆమె తెచ్చిన నెత్తళ్ళ చేపల పులుసులో నాకొక ముద్ద తప్పకుండా ఉండేది. ఆ ముద్దలు తిన్న నోటితోనే నేనా మాట అన్నాను, అదీ నా బుద్ధి.

నాకు పదేళ్ళు. ఎక్కాలు కొత్తగా వచ్చాయి, కనిపించినదల్లా లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. తుఫాను సెలవుల్లో అమ్మతో మడికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని కుదుళ్ళు లెక్కపెట్టాను. అమ్మవి ఎనిమిది, అవ్వవి నాలుగు. మిగిలిన వెడల్పును అటొకామె, ఇటు అమ్మ కాస్త కాస్త జరిగి నాటేస్తున్నారు, అదీ మాటా మంతీ లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం కాలవగట్టు మీద భాగాలు పంచుతుంటే అందరి ముందూ అడిగేశాను.

"మా అమ్మ ఎనిమిది కుదుళ్ళేస్తే అవ్వ నాలుగేసింది. ఇద్దరికీ ఒకే కూలి ఎట్టా?"

అవ్వ తన భాగంలో సగం తీసి అమ్మ ఒళ్ళో పెట్టి, కాలవలో కాళ్ళు కడుక్కుని, అమ్మ వెనకనుంచి ఎంత పిలిచినా తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే హాయిగా ఏడ్చి పడుకునేదాన్ని. అన్నం పెడుతూ ఒక్క సంగతి మాత్రం చెప్పింది. అవ్వకు వెనకా ముందూ ఎవరూ లేరట, ఈ నెల నాట్ల మీదే ఆమెకు ఏడాది గింజలట, ఆ వయసులో ఒక ముఠాలోంచి తప్పుకున్న మనిషిని ఇంకో ముఠా చేర్చుకోదట. నేను చెప్పిన లెక్కలో తప్పేముందని నాలో నేనే గొణుక్కున్నాను గానీ, కంచంలో సగం అన్నం వదిలేసి లేచాను.

మర్నాడు అవ్వ రాలేదు. పదకొండు మందీ మడిలోకి దిగి, అమ్మ పక్కన ఆమె చోటు అట్లాగే ఖాళీగా వదిలి నిలబడ్డారు. అమ్మ గట్టు మీదున్న నా వైపు చూసింది.

"దిగు మే. అవ్వ మునుం నీది. నాలుగే కుదుళ్ళు."

నాలుగే కదా అని పావడా ఎగ్గట్టి దర్జాగా దిగాను. మోకాలిదాకా బురద, ఎండకు కాగిన నీళ్ళు, పిక్కకు జలగ. గట్టిగా గుచ్చితే వేలు నొప్పి, మెత్తగా గుచ్చితే నారు నీళ్ళ మీద తేలి నన్ను వెక్కిరించేది. గంట గడిచేసరికి నాలుగు మూడైంది, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండైంది. నడుం పట్టుకుని నిలబడిన ప్రతిసారీ, నా రెండువైపులా నాటేసి ఉండేది. అమ్మ నా వైపు చూడటం లేదు, అటుపక్కామె కూడా చూడటం లేదు. చేతులు మాత్రం జరిగి వచ్చి నా వంతు నాటి వెళ్ళిపోతున్నాయి. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

సాయంత్రం ముఠాలో పెద్దామె భాగాలు పెట్టి, పన్నెండోది నా చేతిలో పెట్టింది. అందరిదీ ఎంతో నాదీ అంతే. నేను వేసింది రెండు కుదుళ్ళే అని చెప్పబోతే, అవ్వ మునుం పట్టినావు గదా, తీసుకో అంది. నేను ఇంటికి పోలేదు. ఆ బురద పావడాతోనే అవ్వ గుడిసెకు పరిగెత్తాను. ఆమె వాకిట్లో కూర్చుని వక్కాకు నములుతోంది. డబ్బులు ఆమె ముందు పెట్టాను.

"నీ కష్టం నాకెందుకు అమ్మణ్ణీ?"

"నేను రెండే కుదుళ్ళేసినా అవ్వా. అయినా అంతే ఇచ్చినారు." ఏడుపు తన్నుకొచ్చింది.

నా చెయ్యి లాక్కుని పగిలిన వేళ్ళు చూసి, ఆముదం రాస్తూ, పుడకలు మెరిసేటట్టు నవ్వింది. "రెండేనా? అయితే రేపు వస్తా. నాకన్నా నిదానమైంది ఒకత్తి దొరికింది."

అవ్వ వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు నాటింది. చివరి ఏడాది మడిలోకి దిగలేక, గట్టు మీద నారు కట్టలు విప్పి అందించింది. భాగం మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు అవ్వా లేదు, ముఠా లేదు. మా ఊళ్ళో నాట్లు యంత్రం వేస్తోంది. మునుం అంటే ఏమిటని మా అమ్మాయి అడుగుతుంది. నేను రొయ్యల కంపెనీలో ఒలిచే లైనుకు సూపర్‌వైజర్‌ని, కాంట్రాక్టు మీద. నేను చేసే పనే చేసే పర్మినెంటు వాళ్ళకు నాకన్నా రెట్టింపు జీతం. అది అన్యాయమని ప్రతి మీటింగులోనూ అంటాను, పోయేదాకా అంటూనే ఉంటాను. అది తప్పిస్తే నా పని నాకిష్టమే. ఐసులో చేతులు కొయ్యబారుతున్నా కబుర్లాడుకునే ముప్పై మంది ఆడవాళ్ళంటే ఇంకా ఇష్టం. వాళ్ళలో ఖాదర్‌బీ అక్కకు నాలుగైదేళ్ళుగా వేళ్ళు సరిగ్గా వంగడం లేదు.

ఏటా ఈ రోజుల్లోనే కాంట్రాక్టు తిరగరాస్తారు. దానికి ముందు నాకొక కాగితం ఇచ్చి, లైన్లో అందరికన్నా నిదానమైన మనిషి పేరు రాయమంటారు. ఆ మనిషికి మళ్ళీ కాంట్రాక్టు ఉండదు. మొన్న ఆఫీసు కుర్రాయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"ఏందక్కా, ఈసారి కూడా మీ పేరే రాసినారు?"

నిజమే కదా నాయనా, ఆ లైన్లో నాకన్నా నిదానంగా రొయ్య ఒలిచేవాళ్ళు ఎవరూ లేరు, కావాలంటే నిలబడి చూసుకో అన్నాను. సూపర్‌వైజర్‌ని తీస్తే లైను నడిచేదెట్లా అని ఇప్పటిదాకా ఆ కాగితం పక్కన పెడుతున్నారు. ఏదో ఒక ఏడు నిజంగానే నన్ను తీసేస్తారేమో, తెలియదు. నాలుగేళ్ళుగా నా పేరే రాస్తున్నాను. ఇప్పటికైతే ఖాదర్‌బీ అక్క లైన్లోనే ఉంది, నేనూ ఉన్నాను.