ముందు సీట్లో ఎండుచేపల తట్ట

మా మేనత్త ఇక లేదు. పోయిన నెల కళింగపట్నంలో, తన ఇంటి అరుగు మీద ఎండుచేపలు ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయిందట. కబురు అందగానే నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి కారులో బయల్దేరాను. అత్త ఎంచిన కారు అది.

ఎంచింది అంటే నవ్వుతారేమో. ఆమెకు ఇంజిన్ సంగతి ఏమీ తెలియదు. ఎండుచేపలు అమ్మడానికి శ్రీకాకుళం బజారుకి వెళ్తుంటే, తట్ట కంపు కొడుతోందని ఆమెని బస్సుల్లోంచి, ఆటోల్లోంచి దింపేసేవాళ్లు, అది తెలుసు. “తినీటప్పుడు కంపు నేదు, మోసీటప్పుడే కంపు” అనేది. ఒకసారి వానలో దింపేస్తే తడిసి, మోకాళ్లు వాచి మంచం పట్టింది. లేచాక బజారు మానెయ్యమని ఇంట్లో అందరూ అన్నారు.

“మానను” అంది.

అయితే కారు కొని నేనే తీసుకెళ్తానన్నాను. ప్రైవేటు కాలేజీ జీతం నాది. మైలేజీ బాగా వచ్చే పాత చిన్న కారు తప్ప మరోటి ఆలోచించలేను. ఎన్నో చూసి, ఎవరెవరినో అడిగి, చివరికి ఒకటి ఖాయం చేసుకున్నాను. టైర్లు కొత్తవి, ధర నాకు అందేది. చూపిద్దామని తీసుకెళ్తే, అత్త తట్టతో సహా వచ్చింది. వస్తూనే దాన్ని ముందు సీట్లో పెట్టింది.

“సీటు పాడైపోతాది, తియ్యమ్మా” అన్నాడు కార్లమ్మే ఆయన.

“కొన్నాక మోసీది ఇదే. ఇప్పుడు మొయ్యనిది అప్పుడేటి మోస్తాది?”

ఆయన నా వైపు తిరిగాడు. “మీతో మగవాళ్లెవరూ రాలేదా మేడమ్?”

“నువ్వున్నావు గదా, ఒక మగోడు సాలడేటి?” అని అత్త తట్ట నెత్తికెత్తుకుని బయటికి నడిచింది.

ఆ ధరకి అలాంటిది మళ్లీ దొరకదేమోనని దారంతా గొణిగాను.

“దొరక్కపోతే నడుస్తాను. ఆడి కార్లో మాత్రం కూకోను.”

తర్వాత చూసింది విజయనగరంలో, ఒక పెద్దాయన సొంత కారు. తలుపు సొట్ట, ఏసీ పనిచెయ్యదు. ఆయన తట్టని తానే అందుకుని ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట సర్దుతూ, “ఏటి, ఎండు నెత్తళ్లేనా?” అన్నాడు.

“ఇదే తీసుకో” అంది అత్త నాతో.

మెకానిక్కు ఇంజిన్ పరవాలేదన్నాడు, కొన్నాను. క్లచ్ మార్పించినప్పుడల్లా ఆ మొదటి కారే గుర్తొచ్చేది. కారుని ఇలా ఎంచుకోవచ్చా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ వానలో తనని దింపేసిన ఆ స్టాపు వచ్చిందంటే అత్త అద్దం పూర్తిగా దింపేది. “నెమ్మదిగా పోనియ్యే. అందరికీ కంపు తగల్నీ.”

కర్మకాండ అయ్యాక తమ్ముడు అన్నాడు, “ఇంకెందుకక్కా, వాసన పోయేలా కడిగించి అమ్మేయ్.” నిజమే, ఇంకెందుకు? సర్వీసింగ్‌కి తీసుకెళ్లాను. కడిగే ఆయన ముందు సీటు దగ్గర కాళ్ల కింది మ్యాట్ బయటికి లాగాడు. దాని మీద తట్ట అడుగంత గుండ్రంగా, తెల్లగా ఉప్పు మరక.

“గట్టిగా తోమితే పోతాది మేడమ్.”

“కారు కడగండి. మ్యాట్ ఇలా ఇచ్చెయ్యండి.”

కారు అమ్మనని తమ్ముడికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. మ్యాట్‌ని మళ్లీ దాని చోట పరిచి, అద్దాలన్నీ దింపి బయల్దేరాను. పక్క సీటు ఖాళీ. దాని ముందు మ్యాట్ మీద, నీళ్ల తుంపర పడి మసకబారిన ఆ ఉప్పు గుండ్రం, ఎండ తగిలేకొద్దీ మళ్లీ తెల్లగా తేలుతోంది.