వేలు ఆగిన చోటు

పుస్తకం తెరవగానే సలోమి చూపుడువేలు మొదటి అక్షరం కింద పెడుతుంది. వేలు ముందు నడుస్తుంది, గొంతు వెనక పోతుంది. పేజీ చివరి దాకా రెండూ ఆగవు.

ఆళ్లగడ్డ చర్చిలో ఆదివారం బైబిల్ వాక్యం చదివేది ఆమే. చిన్నప్పటి నుంచి ఒక్క మాట తడబడలేదని అందరూ మెచ్చుకునేవారు. బాగా చదవడమంటే ఆగకుండా చదవడమని ఆ మెప్పులోనే నేర్చుకుంది. నంద్యాలలో డిగ్రీలో చేరాక అర్థశాస్త్రం ఇంగ్లీషులో వచ్చింది. దాన్నీ అలాగే గడగడా చదివింది. మొదటి సెమిస్టర్‌లో తప్పింది.

"ఇల్లు ఎగిరిపోయేటట్టు చదువుతాండావు గదమ్మా, యాడికి పోతాంది అదంతా?" అన్నాడు తండ్రి కొండయ్య. "ఈసారీ తప్పితే చదువు చాలు. మీ అమ్మతోపాటు శనగ చేనికి పో."

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చే బస్సులో పక్కన కూర్చున్న స్నేహితురాలు దీపిక, సలోమి చేతిలోని పుస్తకం మూసేసింది.

"ఇప్పుడు చదివిందేందో చెప్పు."

సలోమి ఇంగ్లీషులో అప్పజెప్పబోయింది.

"అది పుస్తకం చెప్పేది మే. నువ్వు చెప్పు."

సలోమి కిటికీ వైపు తిరిగింది. ఇంట్లో పుస్తకం ముట్టలేదు. చదువు వినపడక కొండయ్య రెండుసార్లు గదిలోకి తొంగిచూశాడు.

మరునాడు ఉదయం బస్సులో ఆమె ఒక్క పేరా పెదవులు కదపకుండా చదివి, పుస్తకం మూసింది.

"ధర పెరిగితే కొనేటోళ్లు తగ్గుతారంట," అంది దీపికతో. "ఆ తర్వాతది తెలీలా."

మళ్లీ తెరిచి, తెలియని ఆ మాట కింద వేలు పెట్టింది. కదపలేదు.