చేతులు పెట్టెలో ఉన్నప్పుడు

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? పిల్లల దగ్గులు తగ్గాయా? ఈమధ్య ఎవరు కనబడినా ఇవే అడుగుతున్నాను. ఏ జబ్బూ లేని మా తోటికోడలు, మా మరిది భార్య, పోయిన నెల పొద్దున్న టీ తాగుతూ కూర్చున్న కుర్చీలోనే పోయింది. ఆమదాలవలస నుంచి ఆటోలో శ్రీకాకుళం చేరేసరికి మా అమ్మాయి ఆమె కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. నేను పోతే ఇది ఇంతలా ఏడుస్తుందా అనుకున్నాను. శవం ముందు నిలబడితే నాకు మొదట వచ్చిన ఆలోచన అదే.

ఆమె కెమిస్ట్రీ మేడమ్. నేను ఐదు దాకా చదివాను. పీహెచ్‌డీకని మా అమ్మాయిని తన దగ్గర చేర్చుకున్నప్పటి నుంచి, పిల్ల నా కడుపున పుట్టి ఆమె చేతిలో పెరిగినట్టయింది. ఆమెలాగే టీలో పంచదార మానేసింది. ఆమెలాగే కొప్పులో పెన్ను గుచ్చుకునేది. ఆఖరికి కళ్ళజోడు కూడా వచ్చింది. జ్వరమొస్తే ముందు పిన్నికి ఫోన్ చేసి, తగ్గాక నాకు చెప్పేది.

మందులు తయారుచేసేటప్పుడు వాటికి హైడ్రోజన్ తగిలించడానికి పల్లాడియంలాంటి ఖరీదైన లోహాలు వాడతారట. అందులో రవ్వంత మందులో మిగిలిపోవచ్చట. అది విన్నాక నా మాత్రల మీద నాకు ఎంత బెంగో. ఆ లోహం అక్కర్లేకుండా, వెలిగారంలో ఉండే బోరాన్‌తో, అగ్గిపెట్టె పక్కన పూసే భాస్వరంతో ఆ పని చేయించాలని ఆమె పట్టు. ఆ రెండూ దగ్గరైతే అతుక్కుపోతాయి. అందుకని ఒక్కోదాని చుట్టూ పరమాణువుల పెద్ద పెద్ద గుంపులు తగిలించి కలవకుండా చేస్తారు. ఆ కలవలేని లాగుడే మధ్యలోకి వచ్చిన హైడ్రోజన్‌ను విడగొడుతుంది.

"మనిద్దరం, మద్దెన పిల్లా ఉన్నట్టే అక్కా," అంది ఒకసారి అన్నం దగ్గర. మా మరిదికి నవ్వి నవ్వి పొలమారింది. నేను నవ్వలేదు.

ఒకసారి లోహం లేకుండానే పని జరిగిందని స్వీట్లు పంచారు. మర్నాడు ఆమెకే అనుమానం వచ్చింది. సీసాలో మందును తిప్పే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అది అంతకు ముందు పల్లాడియం పనికి వాడినది. కొత్తది వేసి చేస్తే ఏమీ జరగలేదు. పాతదానికి అంటుకున్న లోహమే అంతా చేసిందన్నమాట. రాసిన పేపరు ఆపేసింది. ఎవరికి తెలుస్తుంది, పంపేయమన్నాను నేను. పిల్ల చదువు వెనకబడుతుందని నా భయం.

"సేపల దాకలో పాలు కాస్తావేటక్కా?" అంది.

తర్వాతెప్పుడో, అన్నీ కొత్త సామానుతో, నిజంగానే జరిగింది. పేపర్లో మా అమ్మాయి పేరు ముందు వేసి తన పేరు చివర వేసుకుంది. దానికీ కుళ్ళుకున్నాను. నేను పిల్లకి ఇవ్వగలిగింది చేపల పులుసు క్యారేజీ.

ఆ ల్యాబ్‌కి ఒక్కసారే వెళ్ళాను. గాలీ తడీ తగలకూడని మందులు గాజు పెట్టెలో ఉంటాయి. పెట్టెకి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, బయట నిలబడే పని చేయాలి. మధ్యలో చేతులు తీస్తే పని చెడుతుంది. ఆమె చేతులు పెట్టెలో ఉండగా కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. అడగకుండానే మా అమ్మాయి పక్కనుంచి వేలితో పైకి తోసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోను కూడా లేదు. ఇంట్లో నా కళ్ళజోడు ఎక్కడుంటుందో ఆ పిల్లకి తెలియదు. పనుందని చెప్పి బస్సెక్కేశాను.

మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. మళ్ళీ పని మొదలుపెట్టిందట.

"అమ్మా, పెట్లో సేతులెట్టి ఉన్నాను. కళ్ళజోడు జారిపోనాది. పిన్నీ అని పిల్సీసినాను."

ఇప్పటికీ పిలిచేది ఆమెనే. నాకు ఒళ్ళు మండింది. బతికుంటే వెళ్ళి దెబ్బలాడేదాన్ని.

"పక్కన ఎవులూ నేరేటి?" అన్నాను.

"ఎవులూ నేరమ్మా."

మళ్ళీ పెట్టె దగ్గర ఎప్పుడు నిలబడతావని అడిగాను. చెప్పింది. నేనొస్తానన్నాను. పిన్ని స్టూలు ఉంది, దానిమీద కూర్చోమంది. ఆ స్టూలు నాకు వద్దన్నాను, నిలబడే ఉంటాను. వచ్చే ఆదివారం, తొమ్మిదింటికి.