ప్రకటనల వేళ మా అక్క

మా ఇంట్లో ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే టీవీలో ప్రకటనలు వచ్చేదాకా ఆగాలి. పెళ్ళి సంబంధమైనా, పళ్ళపొడి అయిపోయిన సంగతైనా అంతే. పొద్దున్నే ముఖమైనా కడుక్కోకుండా నాన్న టీవీ పెట్టేవాడు. అక్కడి నుంచి వార్తలు, నానమ్మ సీరియళ్ళు, అమ్మ పాటల కార్యక్రమం, మళ్ళీ నాన్న వార్తలు. కరెంటు పోతేనే ఒకరి గొంతు ఒకరికి వినపడేది. ఆ కాసేపూ కరెంటువాళ్ళను తిట్టుకోవడంతోనే సరిపోయేది.

నేను మొండిదాన్ని. సీరియల్ మధ్యలోనే అరిచి చీవాట్లు తినేదాన్ని. అక్క అలా కాదు. గుమ్మం దగ్గర కాచుకుని నిలబడేది. సబ్బు ప్రకటన మొదలవగానే, “నాన్నా, రేపు స్కూల్లో మీటింగు, పదింటికి, నువ్వే రావాలి, సంతకం ఇక్కడ, పెన్ను ఇదిగో” అని ఒక్క ఊపిరిలో, ఒక్క అక్షరం మింగకుండా చెప్పేసేది. అందుకే వీధిలో అందరూ దాన్ని ఎక్స్‌ప్రెస్ అనేవారు.

చెప్తుండగానే సీరియల్ మ్యూజిక్ వచ్చిందా, అక్కడికక్కడే నోరు మూసేసేది. మళ్ళీ ప్రకటనలు రాగానే ఆగిన మాట దగ్గరే అందుకునేది. ఒకసారి “నాన్నా, నేను లెక్కల్లో” అన్నదగ్గర మ్యూజిక్ వచ్చింది. కూతురికి ఫస్ట్ మార్కు వచ్చిందనుకుని ఆయన పావుగంట మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నాడు. తరువాత “తప్పాను” అంది.

దాని చెవుల గురించి కూడా చెప్పాలి. అంత మోతలోనూ వంట చేస్తూనే, “నానమ్మ మాత్ర అడుగుతోంది, కింద పోస్టుమ్యాన్ మన తలుపే కొడుతున్నాడు, వెళ్ళవే” అని నన్ను తరిమేది. మాకెవరికీ ఏమీ వినపడేది కాదు. దానికి అన్నీ విడివిడిగా వినపడేవి.

బస్‌స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం ఖాళీ పడిందని తెలిసినప్పుడు అక్క ఎగిరి గంతేసింది. నానమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “అయితే సబ్బుల గురించి నువ్వే చెప్తావుటే? కాస్త మంచి చీర కట్టుకుని వెళ్ళు” అంది. బస్సుల గురించి చెప్పడమని నానమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి మాకు మూడు సీరియళ్ళ ప్రకటనలు పట్టాయి.

తీరా పరీక్షలో ఏం జరిగిందంటే, మైకు గది బయట ప్రయాణికుల హాల్లో పెద్ద టీవీ ఉంది. అక్క, “ప్రయాణికులకు మనవి, తొమ్మిదో నంబరు బస్సు” అనగానే ఆ టీవీలో నానమ్మ సీరియల్ మ్యూజిక్ మొదలైంది. అక్క ఠక్కున ఆగిపోయింది. అధికారి “చదవమ్మా, చదువు” అంటున్నా పెదవి కదల్లేదు. ఆ తొమ్మిదో నంబరు బస్సు ఏమైందో మాకెవరికీ తెలియలేదు.

ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ప్రకటనలు రాగానే నాన్న, “పోన్లే, పిన్ని కుట్టుషాపులో కూర్చో” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

“దాని నోరు నొక్కింది మనమే నాన్నా! ఇంకొక్కసారి పిలుస్తారట. ఆ తరవాత వయసు దాటిపోతుంది. అప్పుడు కుట్టుషాపే గతి!”

“అడ్డు లేవే, వార్తలు” అన్నాడు నాన్న. అయినా ఆయన ముఖం పాలిపోయింది.

మరునాటి నుంచి అక్క బస్సుల పాత పట్టిక పట్టుకుని టీవీ పక్కన నిలబడేది. సరిగ్గా మ్యూజిక్ వచ్చినప్పుడే గొంతెత్తేది. నానమ్మ శాపనార్థాలు పెట్టేది. మొదటి వారం ప్రతిసారీ రెండు మాటలకే ఆగిపోయి కూలబడిపోయేది. నేను మాత్రం వదిలితేనా! “లే, మళ్ళీ చదువు” అని రాచి రంపాన పెట్టాను. నెల తిరిగేసరికి దాని దెబ్బకు నానమ్మే లేచి సౌండు పెంచుకోవాల్సి వచ్చింది.

రెండో పరీక్షకు నాన్న కూడా మాతో వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? హాల్లో టీవీ ఎదురుగా కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఈ మనిషి మారడనుకుని తల పట్టుకున్నాను.

లోపల జరిగింది అక్క తరువాత చెప్పింది. ఈసారి కాగితం ఇచ్చి నిజం మైకులోనే చదవమన్నారట. అప్పటికే ఇద్దరు తడబడి వెళ్ళిపోయారు. అక్క వంతు వచ్చేసరికి హారన్లు, ఫోన్లు, టీవీ, అధికారి అరుపులు. ఆ గోలలో వరండాలో ఒక కండక్టర్ ఎవరితోనో, “పన్నెండు మూడులో పట్టట్లేదు, ఏడులో పెట్టేస్తున్నాం” అన్నాడు. చేతిలో కాగితంలో మాత్రం పన్నెండో నంబరు బస్సుకు మూడో ప్లాట్‌ఫారమనే ఉంది. మైకు నొక్కగానే బయట మ్యూజిక్ మొదలైంది. అయినా గొంతు ఆగలేదు.

“ప్రయాణికులకు మనవి. ఆస్పత్రి మీదుగా వెళ్ళే పన్నెండో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారానికి రాదు. ఏడుకు వస్తోంది. దయచేసి ఏడో ప్లాట్‌ఫారానికి రండి.”

“ఏమ్మా, కళ్ళు కనిపించట్లేదా? మూడని రాసుంది కదా!” అని అధికారి ఎగిరిపడ్డాడట. ఆయన కిటికీలోంచి తొంగి చూసేసరికి పన్నెండో నంబరు బస్సు ఏడో ప్లాట్‌ఫారంలోకి తిరుగుతోంది. జనం మూటలు, పిల్లలు, ముసలివాళ్ళతో సహా అప్పటికే అక్కడున్నారు. ఆయన కాగితం మీద మూడు కొట్టేసి ఏడు రాసుకున్నాడు. “సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా. బయట మిగిలినవాళ్ళని వెళ్ళిపొమ్మని కూడా మైకులో నువ్వే చెప్పు” అన్నాడు.

హాల్లో ఉన్న నాకు ఇవేవీ తెలియవు. ఆ గొంతు వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మా అక్క అని పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ భుజం పట్టుకుని కుదిపేశాను. నాన్నకు చెబుదామని తిరిగితే కుర్చీ ఖాళీ. టీవీలో సీరియల్ నడుస్తోంది. ఆయన జనంతో కలిసి గబగబా ఏడో ప్లాట్‌ఫారం వైపు నడిచిపోతున్నాడు.

పరుగెత్తి చొక్కా పట్టుకున్నాను. “నాన్నా, ఎక్కడికి? మనకి బస్సేంటి? మాట్లాడింది అక్క!”

“తెలుసే, దాని గొంతు నాకు తెలీదా?” అన్నాడు నాన్న, నడక ఆపకుండానే. “రమ్మంది కదా, నడు.”